మూడు మిల్లీమీటర్ల గాజు

"మా అన్నయ్యని వదిలిపెట్టకండి మేడమ్."

ఆసుపత్రి వరండాలోంచి మాట్లాడుతోంది ఆవిడ. ఫోన్‌లో వెనకాల చక్రాల మంచం లాక్కెళ్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"మా ఆయన రెండు కళ్ళకీ కట్లు కట్టారు. మంగళవారం నుంచి స్పృహ లేదు. చూపు సంగతి తర్వాత చెప్తామంటున్నారు. రెండు నెలలుగా మాట మానేసిన మనిషి, పనిగట్టుకుని పగిలిపోయే ఫ్లాస్కు చేసిచ్చాడు. ఒకే కడుపున పుట్టాం కదా అని నేనేమీ అడ్డుపడను."

"మీరు నమ్ముతున్నారా, అది ఆయన కావాలనే చేశాడని?"

"నమ్మకపోతే ఎవర్ని నమ్మమంటారు? ముప్పై ఏళ్ళలో అన్నయ్య చేసింది ఒక్కటీ పగల్లేదు. ఇదొక్కటే పగిలింది." ఫోన్ పెట్టేసింది.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంట పది. నా చేతిలో ఉన్నది రెండు గంటల యాభై నిమిషాలు. సరిగ్గా నాలుగింటికి పోలీసులు వచ్చి గాజు మేస్త్రిని తీసుకెళ్తారు. అదే నాలుగింటికి కింద ప్రదర్శన హాల్లో ఈ ప్రభుత్వ ప్రయోగశాలకూ ఒక ప్రైవేటు కంపెనీకీ ఒప్పందం మీద సంతకాలు. ఈలోగా ప్రమాదం మీద నివేదిక ఇమ్మని మా విజిలెన్స్ శాఖ నన్ను పంపింది. శాఖలో నా వెనకాల నన్ను 'జిగురు' అంటారు, ఎదురుగా 'మేడమ్' అంటారు. రెండిటికీ నాకు అభ్యంతరం లేదు.

సంగతి చెప్పుకోవడానికి చిన్నదే. మంగళవారం పన్నెండున్నరకు ఏడో నంబరు గదిలో పెద్ద సైంటిస్టు తన పరీక్షకు గాలి లాగేసే వాక్యూమ్ పంపు ఆన్ చేశాడు. పన్నెండు యాభైకి పంపుకు తగిలించిన గుండ్రటి గాజు ఫ్లాస్కు పేలి ఆయన మొహం మీద పడింది. ఆ ఫ్లాస్కు చేసింది గాజు మేస్త్రి, ఆయన భార్యకు సొంత అన్న. రెండు నెలల కిందట, ప్రయోగశాలలు ఇక తమ తిండి తామే సంపాదించుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వడ్రంగి షెడ్డు మూసేశారు, మరమ్మతుల షెడ్డు మూసేశారు. గాజు పని గది ఈ నెలాఖరుతో సరి. దాన్ని మూసెయ్యమని రాసిన కమిటీ కాగితం మీద మొదటి సంతకం పెద్ద సైంటిస్టుదే. పంతొమ్మిదేళ్ళు ఒకే బల్ల మీద భోజనం చేసిన బావాబావమరుదులకు ఆ రోజుతో మాటలు పోయాయి.

కారణం ఉంది, అవకాశం ఉంది, పగిలిన వస్తువు ఉంది. ఇంత చక్కగా అమరిన కేసు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

గాజు మేస్త్రి తన గదిలోనే ఉన్నాడు, గుమ్మం దగ్గర గార్డు కాపలా. యాభై ఆరేళ్ళ మనిషి. మంట దగ్గర పని చేసీ చేసీ ముంజేతుల మీద ఒక్క వెంట్రుక లేదు. నేను వెళ్ళేసరికి బర్నరు ముందు కూర్చుని ఒక గొట్టాన్ని తిప్పుతూ మూతి మూస్తున్నాడు.

"ఇవాళ కూడా పనేనా?"

"నెలాఖరు దాకా జీతం తీసుకుంటున్నా కదండీ."

"మంగళవారం ఫ్లాస్కు ఎన్నింటికి ఇచ్చారు?"

"పది పదికి. గుమ్మం పక్కన బల్ల మీద పెట్టి, తలుపు తట్టి వచ్చేశాను."

"చేతికి ఇవ్వలేదా?"

"చేతికిస్తే మాట్లాడాలి."

"అంత కోపమా?"

"ఎందుకుండదండీ?" గొట్టం తిప్పడం ఆపలేదు. "నా బర్నరు ఆర్పెయ్యమని పైవాళ్ళు రాస్తే సరేననుకుందును. రాసింది నా చెల్లెలి మొగుడు. ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పి రాసినా ఊరుకుందును. నోటీసు బోర్డులో చదువుకున్నాను నేను."

"మరి ఆ కోపం ఫ్లాస్కులో చూపించలేదని ఎలా నమ్మాలి?"

అప్పుడు మంట తగ్గించి నా వైపు తిరిగాడు. "వాక్యూమ్ పెట్టే ఫ్లాస్కు మూడు మిల్లీమీటర్ల మందం ఉండాలి. నేను మూడు ఇస్తాను. అంతకన్నా పల్చన బావ అడిగినా చెయ్యను, డైరెక్టర్ అడిగినా చెయ్యను. ముక్కలు ఉన్నాయి కదా, కొలుచుకోండి." కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. "కళ్ళు పోతాయంటున్నారా మేడమ్?"

"ఇంకా ఏమీ చెప్పలేదు."

తల ఊపి మళ్ళీ గొట్టం అందుకున్నాడు. ఈసారి గొట్టం మూతి వంకర పోయింది. దాన్ని పక్కన పెట్టేశాడు.

ఏడో నంబరు గదిలో ముక్కలన్నీ ఒక తెల్ల ట్రేలో పోసి ఉంచారు. అక్కడి సొరుగులోంచే మందం కొలిచే స్క్రూగేజి తీసుకుని ఒక్కొక్క ముక్కా బిగించి చూశాను. మెడ దగ్గరి ముక్క మూడు మిల్లీమీటర్లు. నా ప్రాణం లేచొచ్చింది. పొట్ట దగ్గరి ముక్క ఒకటీ పాయింటు నాలుగు. ఇంకోటి తీశాను, ఒకటీ పాయింటు మూడు. ఆరు ముక్కలు కొలిచాను, ఆరూ అంతే.

మనిషికన్నా ముందు వాసన వచ్చింది గుమ్మంలోంచి.

"జిగురూ! ఇంకా ఊడలేదా నువ్వు?"

సెంటుబాబు. పన్నెండేళ్ళ కిందట మేమిద్దరం ఒకే సెక్షను. నేను నాలుగు నెలలు తిరిగి తేల్చిన ఫైలు మీద పై పేజీలో తన పేరు రాసుకుని ప్రమోషన్ కొట్టేశాడు. తర్వాత ఉద్యోగం మానేసి ప్రైవేటులో చేరాడు. ఇప్పుడు ఒప్పందం చేసుకోబోయే కంపెనీకి సెక్యూరిటీ అధికారి. ఒంటి మీద అర సీసా సెంటు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

"నువ్వు అరకొరగా వదిలేసిన పనులన్నీ పూర్తి చెయ్యాలిగా. ఊడితే ఎలా?" అన్నాను.

నా చేతిలో స్క్రూగేజి చూసి నవ్వాడు. "కొలిచావా? నేను మొన్నే కొలిచాను. మూడు ఇచ్చానంటాడు, ఒకటిన్నర కూడా లేదు. పైగా పైకి కనిపించే మెడ మాత్రం మందంగా చేశాడు, ఎవరికీ అనుమానం రాకుండా. ఇంతకన్నా ఏం కావాలి నీకు? మేస్త్రి పొరపాటు చేశాడని కూడా అనడానికి లేదు. తెలిసి చేశాడు."

మేస్త్రిని కాపాడుతుందనుకున్న కొలత ఆయన పీకకే బిగుసుకుంది. అది కూడా నా చేతుల మీదుగానే.

విన్నది నచ్చకపోతే కళ్ళకు పని చెప్పడం నా అలవాటు. పంపుకు పైన గోడ అర ఉంది. అర పొడుగునా పేలుడు తాలూకు తెల్ల ధూళి పేరుకుని ఉంది. మధ్యలో మాత్రం మూరెడు పొడవు, మూరెడు వెడల్పున శుభ్రంగా మెరుస్తోంది.

"ఇక్కడేముండేది?"

"ఎక్కడ?"

"నువ్వు చూడకుండా ఉండడానికి కష్టపడుతున్న చోట."

"ఏమో. పాత కాగితాలేవో ఉండుంటాయి. గది శుభ్రం చేయించాం కదా."

"శుభ్రం చేసినవాళ్ళు అరంతా వదిలేసి మధ్యలో ఒక్క చదరమే తుడిచారా? పేలినప్పుడు ఇక్కడొక పెట్టె ఉంది. తర్వాత ఎవరో తీశారు. మంగళవారం నుంచి ఈ గది తాళం ఎవరి దగ్గరుంది?"

సెంటుబాబు వాచీ చూసుకున్నాడు. "రెండు ఇరవై అయింది. పెట్టెలూ బుట్టలూ వెతుక్కుంటావో, నివేదిక రాసుకుంటావో నీ ఇష్టం. నాలుగింటికి మాత్రం వాడు జీపెక్కుతాడు."

"ఆయన. వయసులో నీకన్నా పెద్దవాడు."

తలుపు వేసి వెళ్ళిపోయాడు. నేను బీరువాతో సహా గదంతా వెతికి, మూడు కావస్తుండగా పొట్ట దగ్గరి ముక్కొకటి కాగితంలో చుట్టుకుని మళ్ళీ గాజు గదికి వెళ్ళాను.

మేస్త్రి ఆ ముక్క అంచును కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. అరనిమిషం కూడా పట్టలేదు.

"ఇది నాది కాదండీ. ఇది ఫ్యాక్టరీలో అచ్చు పెట్టి ఊదింది. మెడ దగ్గర దిట్టంగా ఉంటుంది, పొట్ట దగ్గర పొరలా దిగిపోతుంది. మెడ పట్టుకుని ఎత్తేవాడికి గట్టిదనే అనిపిస్తుంది. బావ సైంటిస్టు, గాజు సంగతి ఆయనకేం తెలుసు?"

"మీ మాటకు సాక్ష్యం?"

"నా ఫ్లాస్కు."

"అదెక్కడుంది?"

"బాగుంటే బావ గదిలోనే బీరువాలో ఉండాలి. పగిలితే స్టోర్సులో ఉండాలి."

"బీరువా చూశాను, లేదు. పగిలితే చెత్తబుట్టలో ఎందుకుండదు?"

నాకు మతి పోయిందేమోనన్నట్టు చూశాడు. "గాజు చెత్తబుట్టలోనా? ప్రభుత్వ ల్యాబండీ ఇది. చిన్న ట్యూబు పగిలినా స్లిప్పు రాసి, ముక్కలు మూటకట్టి స్టోర్సులో అప్పజెప్పాలి. తూచి తీసుకుంటారు. ఆ స్లిప్పు లేకపోతే ఇంకోటివ్వరు. రెండు నెలల కిందట ఆ పద్ధతి ఎత్తేశారనుకోండి. కానీ బావ సంగతి నాకు తెలుసు. ఇంట్లో గ్లాసు జారినా మా చెల్లెలికి స్లిప్పు రాసిచ్చే రకం." నవ్వబోయి ఆగిపోయాడు.

నేను అప్పటికే వరండాలో ఉన్నాను. మేస్త్రిని వెంటబెట్టుకుని స్టోర్సుకు రమ్మని గార్డుకు చెప్పాను.

స్టోర్సు భవనం చివర, రెండు తలుపులు దాటాక ఉంది. గుమస్తా యాభై దాటినావిడ. ముప్పై ఏళ్ళ పద్ధతులు ఒక్క సర్క్యులర్‌తో పోయాక వచ్చిన కొత్త కంప్యూటర్ ముందు, దానికి ఒళ్ళు తగలకుండా కూర్చుని ఉంది.

"పగిలిన గాజు రిజిస్టరు చూడాలి."

"అది మూసేశారండీ. ఇప్పుడంతా కంప్యూటర్‌లోనే."

"అయితే కంప్యూటర్‌లో చూపించండి."

"కంప్యూటర్‌లో పగిలినవాటికి గడి పెట్టలేదండీ. కొన్నవి, అమ్మినవి, అంతే."

"మరి పగిలినవి ఎక్కడ రాస్తున్నారు?"

"ఎక్కడా రాయట్లేదు." అంటూనే ఆవిడ చెయ్యి కింది సొరుగు మీదకు వెళ్ళి ఆగింది.

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. "అమ్మా, ఇంకో గంటలో గాజు మేస్త్రిని పోలీసులు తీసుకెళ్తారు. సొంత చెల్లెలే ఆయన్ని వదలొద్దంటోంది. ఆ సొరుగులో ఏముందో నాకు తెలియదు గానీ, ఆయన బతుకు అందులోనే ఉందని మీకూ తెలుసు."

"నాకింకా ఆరేళ్ళ సర్వీసుందండీ." గొంతు తగ్గించింది. "పాత పద్ధతులు వదలనివాళ్ళ పేర్లు జాబితా రాస్తున్నారు. ఎవరూ అడగనిది నేను పోయి చెప్తే ఆ జాబితాలో మొదటి పేరు నాదే. రెండు రోజులుగా అన్నం సయించట్లేదు నాకు."

"ఇప్పుడు నేను అడుగుతున్నాను, రాతపూర్వకంగా. మీరు నా సాక్షి. నా సాక్షి జోలికెళ్ళిన వాణ్ణి నేను రిటైరయ్యేదాకా వదలను. నన్నేమంటారో విన్నారా?"

"విన్నానండీ." కంగారులోనూ ఆవిడకు నవ్వొచ్చింది. సొరుగు లాగింది. అట్ట చిరిగిన రిజిస్టరు, దాని కింద సుతిలి తాడుతో కట్టిన కాగితపు మూట బయటికొచ్చాయి.

మూటకు గుచ్చిన స్లిప్పు మీద పెద్ద సైంటిస్టు దస్తూరి. మంగళవారం, పన్నెండు పదిహేను. అంటే పేలుడుకు ముప్పై అయిదు నిమిషాల ముందు. 'గుండ్రటి ఫ్లాస్కు, మందం మూడు మి.మీ., ఒకటి. బిగించబోతుండగా నా చేతిలోంచి జారి పగిలినది. చేసినవారి తప్పు ఏమీ లేదు. బాధ్యత నాది.' కింద సంతకం.

ముక్కలు కొలిచాను. మూడు, మూడు, మూడూ పాయింటు ఒకటి.

గార్డుతో పాటు లోపలికొచ్చిన మేస్త్రి చేతికి ఆ స్లిప్పు ఇచ్చాను. చదివాడు. మళ్ళీ చదివాడు. 'చేసినవారి తప్పు ఏమీ లేదు' అన్న చోట బొటనవేలు పెట్టి అలాగే నిలబడ్డాడు.

"ఇంకోటి చేసిమ్మని అడగడానికి నా గది నలభై అడుగులు," అన్నాడు చివరికి. "రాలేకపోయాడు. ఎలా వస్తాడు, నేను మొహమ్మీద తలుపేసుకు కూర్చుంటే." కళ్ళనీళ్ళు దాచుకోవాలని కూడా అనుకోలేదు ఆయన.

కానీ జిగురుకు ఒక్క ప్రశ్న మిగిలింది. "మరి రెండో ఫ్లాస్కు ఎక్కడిది?"

గుమస్తా పేజీ వెనక్కి తిప్పింది. కిందటి వారం: 'కంపెనీ గాజు విభాగం నుంచి నమూనాగా వాక్యూమ్ ఫ్లాస్కులు పన్నెండు, ఒక పెట్టె. ఏడో నంబరు గదికి.' మేస్త్రి గది మూశాక ఇక్కడికి గాజు సరఫరా చెయ్యబోయేది వాళ్ళేనట.

"అరమీద పెట్టె ఇదే. తర్వాత ఏమైంది?"

ఆవిడ వేలు కిందికి జరిగింది. 'మంగళవారం సాయంత్రం అయిదు ఇరవై. ఏడో గది నుంచి ప్రదర్శన హాలు వెనక గదికి. ఫ్లాస్కులు పదకొండు. తీసుకెళ్ళినది: సెక్యూరిటీ అధికారి.' పక్కన సెంటుబాబు పొట్టి సంతకం. "నా గుమ్మం ముందు నుంచే పట్టుకెళ్తున్నారండీ. సంతకం పెట్టందే వదల్లేదు నేను," అంది ఆవిడ కొంచెం గర్వంగానే.

మేస్త్రి తలెత్తాడు. "హాల్లో ఇవాళ ఏం చూపిస్తున్నారు?"

"మీ బావగారి యంత్రమేనండీ," అంది గుమస్తా. "అలాంటిదే ఇంకోటి బిగించారు, మూడు ఫ్లాస్కులతో. నాలుగింటికి అతిథులకు చూపించాలని మూడున్నరకే పంపు వేస్తామన్నారు."

"ఫ్లాస్కులు ఎవరిచ్చారు?"

"నన్నడగలేదు. మిమ్మల్నడిగారా?"

"లేదు."

ముగ్గురం గోడ గడియారం వైపు చూశాం. మూడు ముప్పై ఎనిమిది. మంగళవారం పంపు ఆన్ చేసిన ఇరవై నిమిషాలకు ఫ్లాస్కు పేలింది. మూడున్నరకు ఇరవై కలిపితే మూడు యాభై.

యాభై నాలుగేళ్ళ వయసులో నేను పరిగెత్తడం చూస్తే మా శాఖలో వారం రోజులు చెప్పుకుని నవ్వుతారు. మేస్త్రీ గార్డూ నా వెనకే వచ్చారు. హాలు తలుపు దగ్గర సెంటుబాబు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"లోపల నలభై మంది ఉన్నారు. నాలుగు దాటాక రా."

"అందర్నీ బయటికి పంపించు. ఇప్పుడే."

"ఒప్పందం ఆపడానికి నాటకాలాడుతున్నావా? పన్నెండేళ్ళ కిందటి ఫైలు కోసం?"

రిజిస్టరు విప్పి ఆయన సంతకం ఆయన ముక్కు కింద పెట్టాను. "నువ్వు దాచిన పెట్టె ఇది. అందులోదే ఒకటి మంగళవారం పేలింది. దానిలోవే మూడు ఇప్పుడు పంపు మీద ఉన్నాయి. టైము మూడు నలభై రెండు."

సెంటుబాబు చేతులు దించాడు. "కంపెనీ పేరు బయటికి రాకూడదు, పెట్టె కనపడకుండా తియ్యమన్నారు. వెనక గదిలో పెట్టాను. వాడతారని నాకు..." మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది, తలుపు తీసి మొదట కేకేసింది ఆయనే. కుర్చీలు పడ్డాయి, ఎవరో తిట్టారు, కొత్త డైరెక్టర్ నా ఉద్యోగం తీయిస్తానన్నాడు. రెండు నిమిషాల్లో హాలు ఖాళీ అయింది.

"పంపు స్విచ్చి ఆపితే చాలుగా?" అన్నాడు సెంటుబాబు.

"చాలదు," అన్నాడు మేస్త్రి. మంట ముందు వేసుకునే అద్దాలు పెట్టుకుంటున్నాడు. "పంపు ఆగినా లోపల వాక్యూమ్ అలాగే ఉంటుంది. గాలి కొంచెం కొంచెంగా వదలాలి. కుళాయి ఒక్కసారిగా తిప్పేస్తే మూడూ పేలతాయి. చెయ్యి తెలిసినవాళ్ళు నలుగురుండేవాళ్ళం ఇక్కడ. ఇప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను."

"మీకేమైనా అయితే..."

"మేడమ్, అందర్నీ దూరంగా ఉంచండి." లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నాడు.

నాకు చెయ్యగలిగిన పని ఒక్కటే కనిపించింది. ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆవిడ హలో అనేలోపే స్లిప్పు మొత్తం చదివి వినిపించాను. తారీఖు, టైము, కారణం, సంతకం.

చక్రాల మంచాలు తిరుగుతూనే ఉన్నాయి అవతల.

"మా అన్నయ్యకి ఫోనివ్వండి," అంది.

తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూశాను. మేస్త్రి యంత్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పంపు ఆగింది. కుడిచేత్తో గాలి కుళాయిని వెంట్రుకవాసి తిప్పుతున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ తిప్పుతున్నాడు. గేజి ముల్లు కదిలీ కదలనట్టు ఎక్కుతోంది. ఆయన మొహానికీ ఫ్లాస్కులకూ మధ్య జానెడు దూరం లేదు.

"మేడమ్? అన్నయ్య పక్కన లేడా? నేను క్షమాపణ చెప్పుకోవాలి. ఒక్కసారి ఇవ్వండి."

"ఇస్తానమ్మా. ఒక్క నిమిషం." ఫోన్‌ను తలుపు అద్దానికి ఆనించాను. అంతకన్నా దగ్గరికి నేనూ వెళ్ళలేను.

"అన్నయ్యా..." అంటోంది ఆవిడ.

మూడు నలభై తొమ్మిది. మధ్య ఫ్లాస్కు పొట్ట మీద సన్నటి గీత ఒకటి పుట్టి పైకి పాకుతోంది. మేస్త్రి దాన్ని చూశాడు. కుళాయి మీది చెయ్యి తియ్యలేదు.